తుఫాను తర్వాత మోటుపల్లికి పడవలో: కొత్తపట్నం ఒడ్డు నుంచి ఎలా వెళ్లాలి

ఒంగోలు నుంచి చినగంజాం దాకా రోడ్డు తెగకుండా ఉంటే రోడ్డునే వెళ్లండి. పడవ సరదా కోసం కాదు. గుండ్లకమ్మ ఏరు పొంగి, రొంపేరు నీళ్లు పొలాల మీదకు ఎక్కి, కల్వర్టులు కొట్టుకుపోయినప్పుడు తీరం ఊళ్లకు సముద్రమే దారి అవుతుంది. అలాంటప్పుడు మోటుపల్లికి ఎలా చేరాలి, అక్కడ ఏం చూడాలి, ఏం ముట్టుకోకూడదు అన్నదే ఇక్కడ చెబుతున్నాం. కాకతీయుల నాటి రేవు మోటుపల్లి, చినగంజాం మండలంలోది. ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లాలో కలిసింది. పడవ మాత్రం ప్రకాశం జిల్లా కొత్తపట్నం ఒడ్డు నుంచి. అక్కడి నుంచి ఉత్తర ఈశాన్యంగా ఒడ్డు వెంట సుమారు 30 కిలోమీటర్లు.

ఒకటి గట్టిగా పట్టుకోండి. పోయిన నెలలో తెలిసిన ఒడ్డు ఈ వారం ఉండదు. తుఫాను ఇసుక మెరకలను జరుపుతుంది, మూసుకున్న మొగను (ఏరు సముద్రంలో కలిసే చోటును) తెరుస్తుంది, తెరిచి ఉన్న మొగను పూడుస్తుంది, గుర్తుగా చూసుకునే తాటి తోపు తలలు విరిచేస్తుంది. ఇరవై ఏళ్లు ఆ నీళ్లలో పడవ నడిపిన సరంగు కూడా ఆ వారం కొత్తవాడే. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క కారణం నుంచే వచ్చాయి.

ఎప్పుడు దిగాలి

తుఫాను తీరం దాటిన మర్నాడు ఎండ కాస్తుంది, గాలి ఆగిపోతుంది, సముద్రం దూరం నుంచి చదునుగా కనిపిస్తుంది. జనం మోసపోయేది ఆ రోజునే. గాలి తగ్గినా, దూరంగా లోతు నీళ్లలో పుట్టిన బారు కెరటాలు ఇంకా రెండు మూడు రోజులు ఒడ్డుకు వస్తూనే ఉంటాయి. లోతులో అవి నెమ్మదిగా లేచి పడతాయి కాబట్టి కంటికి ఆనవు. మెరక తగలగానే ఒక్కసారిగా లేచి విరుగుతాయి.

మూడు సంగతులూ కలిసినప్పుడే బయలుదేరండి.

మొదటిది, నిజాంపట్నం, కృష్ణపట్నం రేవుల్లో ప్రమాద హెచ్చరిక దించి ఉండాలి. ఆ సూచికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. 3వ నంబరు ఉన్నా ఈదురుగాలుల హెచ్చరిక అమల్లో ఉన్నట్టే. రెండోది, వాతావరణ శాఖ మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరిక ఎత్తేసి ఉండాలి. రేవులో సూచిక దించడం, వేటకు వెళ్లొచ్చని చెప్పడం రెండూ ఒకటి కావు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు సూచన కూడా చూసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒక తుఫాను వెనుకే మరో అల్పపీడనం పుట్టడం మామూలే కాబట్టి వచ్చే ఐదు రోజుల సూచన కూడా చదవండి. మూడోది, అన్నిటికన్నా ముఖ్యం: కొత్తపట్నం వాళ్లు తమంతట తాము వేటకు దిగి, ఒక పూర్తి రోజు గడిచి, క్షేమంగా తిరిగి వచ్చి ఉండాలి. మీ కోసం మొదటి పడవ దింపమని ఎవరినీ అడగవద్దు. తుఫానులో వల పోయి చేతిలో డబ్బు లేని మనిషి మీరు ఇస్తానన్న మొత్తానికి కాదనలేడు. ఆ బలహీనతను వాడుకోకూడదు.

ఒడ్డున నిలబడి మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, ఒకే చోట వరుసగా పది కెరటాలు విరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 60, 70 సెకన్లయితే అది దగ్గర గాలికి పుట్టిన చిన్న అల. 100 సెకన్లు దాటి, విరిగే కెరటం నడుము ఎత్తుకు మించుతుంటే తుఫాను ఊపు ఇంకా పోలేదు, ఇంటికి వెళ్లండి. ఒకసారి లెక్కపెట్టి తీర్మానించవద్దు. పెద్ద కెరటాలు గుంపుగా మూడు నాలుగు వచ్చి తర్వాత కాసేపు సద్దుమణుగుతుంది. కనీసం అరగంట చూస్తేనే అసలు రూపం తెలుస్తుంది.

మే నెల తుఫానైతే ఇంకో అడ్డు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజిను పడవల వేటకు నిషేధం. ఆ రోజుల్లో పడవలు ఒడ్డు మీదే ఉంటాయి. అధికారుల సహాయ పడవ తప్ప ఇంకోటి అడగకండి.

పోటు పాట్ల లెక్క కూడా చూడాలి. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా మీటరుకు అటూ ఇటూ, అంతే. అయినా మెరక మీద ఆ మీటరే పడవ అడుగు తగిలేదీ తగలనిదీ తేలుస్తుంది. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో తేడా ఎక్కువ, వడి ఎక్కువ. అష్టమి ప్రాంతంలో తక్కువ. వెసులుబాటు ఉంటే అష్టమికి దగ్గర రోజు ఎంచుకోండి. పోటు సమయం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని గుర్తుంచుకుంటే నిన్నటి సమయాన్ని బట్టి ఇవాళ్టిది కట్టుకోవచ్చు.

మనుషులు, అనుమతి

వేట కోసం రిజిస్టరైన ఫైబర్ బోటు ప్రయాణికులను ఎక్కించుకునే బోటు కాదు. అందుకని ముందురోజే మెరైన్ పోలీసు స్టేషన్‌లోనూ, మత్స్యశాఖ కార్యాలయంలోనూ పని ఏమిటో చెప్పి, సరేనన్నాకే మాట్లాడుకోండి. కాగితం మీద ఇవి రాసి ఇవ్వండి: పడవ రిజిస్ట్రేషన్ నంబరు, ఎక్కేవాళ్ల పేర్లు, బయలుదేరే వేళ, దిగే చోటు, తిరిగి రావాల్సిన వేళ. అదే కాగితం ఇంకోటి ఒడ్డున ఉండే నమ్మకమైన మనిషి చేతిలో పెట్టి, ఫలానా వేళకు మేం రాకపోతే 1093కి, 1554కి ఫోన్ చేయమని చెప్పండి. 1093 తీర పోలీసులది, 1554 కోస్ట్‌గార్డుది. తుఫాను తర్వాత సెల్ టవర్లు బ్యాటరీ అయిపోయి ఆగిపోతాయి కాబట్టి మీ ఫోను మీద ఆశ పెట్టుకోవద్దు. ఒడ్డు మీద మనిషే మీ అసలు ఫోను.

పాలెం (మత్స్యకారుల వాడ) పెద్దలతో మాట్లాడకుండా నేరుగా ఒక పడవ వాడితో బేరం పెట్టుకోకండి. వలలు పోయినవాళ్లు, పడవలు పగిలినవాళ్లు ఉన్న ఊరిలో ఆ రోజు ఎవరి పడవ కదలాలన్నది ఊరి లెక్క. సరంగు దగ్గర కూర్చుని అడగాల్సినవి ఇవి: "అన్నా, తుఫాను పోయినాక మీరు ఎంత దూరం పోయొచ్చారు? గుండ్లకమ్మ మొగ ఇప్పుడు ఎక్కడ పడింది? మెరక ఎంత బయటికి వచ్చింది? మొన్న అటు పోయినవాళ్లకి వలలు, దుంగలు ఏమన్నా తగిలాయా?" ఈ నాలుగింటికీ సొంతంగా చూసిన జవాబు చెప్పగలిగినవాడితోనే వెళ్లండి. "ఏం కాదులే, పోదాం రండి" అనేవాడు ఎంత మంచివాడైనా ఆ రోజుకు వద్దు.

డబ్బు మాట ముందే తేల్చుకోండి. డీజిలు మీది, మనుషుల కూలి మీది. సముద్రం చెడి అవతలే రాత్రి ఉండాల్సి వస్తే రెండో రోజు కూలి కూడా మీదే. అది ముందే ఒప్పుకుంటే, సాయంత్రం కెరటం చూసి వెనక్కి తగ్గాల్సిన వేళ సరంగు మీద డబ్బు ఒత్తిడి ఉండదు.

పడవను చూడటం

28 నుంచి 30 అడుగుల ఫైబర్ బోటుకు పనివాళ్లు ముగ్గురు, వచ్చేవాళ్లు నలుగురు చాలు. సాయం సరుకు తీసుకెళ్తుంటే మనుషులను తగ్గించండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు ఎనిమిదైతే 160 కిలోలు, అంటే ఇద్దరు మనుషులు దిగిపోవాల్సిందే.

తుఫానుకు పడవలు ఒకదాని మీద ఒకటి పడి, తాటి మొద్దులకు కొట్టుకుని ఉంటాయి. పైకి గీత కనపడకపోయినా లోపల పొర విడిపోయి ఉండొచ్చు. వేలి కణుపుతో అడుగంతా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట టంగుమంటుంది, పొర విడిన చోట పగిలిన కుండలా బోలుగా పలుకుతుంది. తర్వాత పడవ ఒడ్డు మీద ఉండగానే లోపల పది బిందెల నీళ్లు పోసి పావుగంట ఆగండి. బయట ఇసుక ఎక్కడ తడుస్తుందో అక్కడ చీలిక. నీటిగీతకు పైన చిన్న చీలికైతే ఎం సీల్‌తో పూడ్చి ఆరనిచ్చి సరిపెట్టుకోవచ్చు. అడుగు వెన్ను మీదైతే ఆ పడవ వద్దు. తేలడానికి పెట్టిన థర్మోకోలు గదుల మూత తీసి చూడండి. అందులో నీళ్లు నిండి ఉంటే పడవ తిరగబడినప్పుడు తేలదు.

ఇంజిను మునిగి ఉందా అని అడగండి, అడిగి ఊరుకోక నూనె చూడండి. కొలపుల్లకు అంటిన నూనె పాలు పోసిన టీ రంగులో ఉంటే ఉప్పునీళ్లు కలిసినట్టు. ఆ నూనె తీసేసి కొత్తది పోసి, కాసేపు నడిపి, మళ్లీ మార్చాలి. ఒక్కసారి మార్చి వదిలేస్తే మూలల్లో మిగిలిన ఉప్పు బేరింగులను తింటుంది. దారి మధ్యలో ఇంజిను పట్టేయడానికి ఇదో పెద్ద కారణం.

రెండో కారణం డీజిలులో నీళ్లు. వాన నీరు నిలిచిన బంకుల్లో భూమిలోని ట్యాంకుల్లోకి నీళ్లు దిగే ప్రమాదం ఉంది. కొన్నాక తెల్లని గాజు సీసాలో కొంచెం పట్టి కదపకుండా పావుగంట నిలపండి. నీళ్లు బరువు కాబట్టి అడుగుకు చేరి గీత కట్టినట్టు విడిగా కనిపిస్తాయి. గీత కనిపిస్తే ఆ క్యాను వద్దు.

ఎంత డీజిలు అన్నది ఇలా కట్టండి. పొడుగు తోక ఇంజిను (పొడుగు కడ్డీ చివర పంకా ఉండేది), 10 హార్స్‌పవర్ ప్రాంతంలోది, గంటకు దాదాపు 2 లీటర్లు తాగుతుంది. మామూలు రోజు 30 కిలోమీటర్లకు రెండున్నర గంటలు. అయితే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒడ్డు వెంట నీళ్లు దక్షిణానికి పారుతుంటాయి, గాలి ఈశాన్యం నుంచి. పోయేటప్పుడు రెండూ ఎదురు. కాబట్టి పోను మూడున్నర గంటలు వేసుకోండి, రాను కూడా అంతే అనుకోండి. 7 గంటలకు 14 లీటర్లు. దాని మీద సగం కలుపుకుంటే 21. అంటే 25 లీటర్లు, ఒకే క్యానులో కాకుండా రెండింటిలో. ఒకటి పాడైనా రెండోది ఒడ్డుకు చేరుస్తుంది.

పడవలో ఉండాల్సినవి: మనిషికి ఒక లైఫ్ జాకెట్, ఎక్కేముందే కట్టుకుని. నాలుగు కొక్కేల లంగరు 10 నుంచి 15 కిలోలది, 60 మీటర్ల తాడుతో. నీటి లోతుకు కనీసం ఐదింతల తాడు వదలకపోతే లంగరు ఇసుకలో కరవదు, ఈడ్చుకుపోతుంది. రెండు తెడ్లు, అడుగులు గుర్తు గీసిన ఒక పొడుగు గడ, నీళ్లు తోడే డబ్బాలు రెండు, పదునైన కత్తి, అదనపు పంకా, స్టార్టరు తాడు, టార్చి, ఈల, చిన్న అద్దం, దూరానికి కనపడే నారింజ రంగు గుడ్డ. తాగే నీళ్లు మనిషికి 4 లీటర్లు. అవతల బావుల నీళ్లు ఉప్పెనకు ఉప్పగా మారి ఉండొచ్చు, మీ నీళ్లు ఆ ఊరి వాళ్ల దగ్గర అడిగే పరిస్థితి తెచ్చుకోకూడదు. ఓఆర్‌ఎస్ పొట్లాలు, క్లోరిన్ బిళ్లలు, గాయానికి కట్టు సామాను. కాళ్లకు మడమ మూసే బూట్లు.

ఒడ్డు దాటడం

తెల్లవారుజామున ఐదున్నరకు పడవ నీళ్ల దగ్గర ఉండాలి. పొద్దుటి పూట భూమి వైపు నుంచి గాలి వీస్తుంది, ఒడ్డు దగ్గర అల చదునుగా ఉంటుంది. పది పదకొండు దాటితే సముద్రపు గాలి లేచి కెరటం గరుకుగా మారుతుంది.

కొత్తపట్నంలో హార్బరు లేదు, ఇసుక మీద నుంచే తోయాలి. పడవ ముక్కు నేరుగా కెరటానికి ఎదురుగా ఉండాలి. ఏమాత్రం అడ్డం తిరిగినా తర్వాతి కెరటం పక్కన కొట్టి బోర్లా వేస్తుంది. వచ్చేవాళ్లు పడవ మధ్యలో, పలకల మీద కాకుండా అడుగున కూర్చోవాలి. చెయ్యి పడవ అంచు బయటికి పెట్టకూడదు, లోపల కట్టిన తాడు పట్టుకోవాలి. పెద్ద కెరటాల గుంపు పోయాక సరంగు కేక వేస్తాడు, అప్పుడు అందరూ కలిసి తోస్తారు. తొడ లోతు వచ్చాకే ఇంజిను. ముందే వేస్తే పంకా ఇసుకను కొట్టి విరుగుతుంది. కెరటాలు విరిగే చివరి గీత, అంటే విరుగుడు గీత దాటేదాకా ఎవరూ లేవవద్దు, ఫోటోలు వద్దు, మాటలు కూడా వద్దు. ఆ రెండు నిమిషాలు సరంగు మాట ఒక్కటే వినపడాలి.

దారి, గుండ్లకమ్మ మొగ

గీత దాటాక నేరుగా బయటికి వెళ్లి, నాలుగైదు బారల (బార అంటే చాచిన రెండు చేతుల పొడవు) లోతు వచ్చాకే ఉత్తరానికి తిరగాలి. ఆ లోతును పట్టుకునే పోవాలి. ఒడ్డు దగ్గరగా కనిపిస్తోంది కదా అని లోపలికి జరిగితే జరిగిన మెరకల మీద పడతారు. ఫోనులోని పటం చూపించే ఒడ్డు గీత తుఫానుకు ముందుది. మీ పడవ ఎక్కడుందో అది సరిగానే చెబుతుంది కానీ నేల ఎక్కడుందో తప్పు చెప్పొచ్చు. బయలుదేరిన చోటును మాత్రం ఫోనులో గుర్తు పెట్టుకోండి.

గుండ్లకమ్మ సముద్రంలో కలిసేది ఈ దారిలోనే. ఇక్కడే అతి ఎక్కువ జాగ్రత్త కావాలి. దూరం నుంచే తెలుస్తుంది: నీలం నీళ్లు ఆగి, ఎర్రమట్టి రంగు నీళ్లు మొదలవుతాయి. రెండింటి నడుమ గీత మీద నురగ, చెత్త, అరటి బోదెలు, సర్కారు తుమ్మ కొమ్మలు, అప్పుడప్పుడు చచ్చిన పశువులు కట్టగా తేలుతుంటాయి. తేలే కొమ్మ భయం లేదు, కనిపిస్తుంది. నీళ్లు తాగిన తాటి మొద్దు మాత్రం పైకి నాలుగు అంగుళాలే కనపడుతూ నిలువుగా వేలాడుతుంటుంది. పడవ అడుగు చీల్చేది అదే. ముక్కు మీద ఒకరిని కూర్చోబెట్టి, కంటితో చూసి చేత్తో దారి చూపమనండి. వేగం సగానికి తగ్గించండి.

వరద నీరు బయటికి తోస్తుంటే, సముద్రం నుంచి కెరటం లోపలికి వస్తుంటే, రెండూ ఎదురెదురు పడిన చోట అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. పాటు వేళ ఇది ఇంకా ఎక్కువ, ఏరూ పాటూ కలిసి ఒకే వైపు తోస్తాయి కాబట్టి. అందుకని మొగకు ఎదురుగా ఒడ్డు వెంట పోకుండా, రెండు మూడు కిలోమీటర్లు సముద్రంలోకి జరిగి చుట్టి రావాలి. ఆ చుట్టుకు అరగంట పడుతుంది, అరగంటే కదా పోనివ్వండి. మొగలోకి దూరి ఏటిలో ఆగుదామన్న ఆలోచన రానివ్వద్దు. కొత్తగా తెగిన మొగ అడుగు ఎలా ఉందో ఎవరికీ తెలియదు.

తెగిపోయిన వలలు ఇంకో బెడద. తుఫానుకు కొట్టుకుపోయిన వల నీటి మీద తేలక, మునగక, రెండు మూడు అడుగుల లోతులో పరుచుకుని ఉంటుంది. పంకాకు చుట్టుకుంటే ఇంజిను మూలుగుతుంది, పొగ నల్లబడుతుంది. వెంటనే ఆపి, తోక పైకెత్తి, కత్తితో కోయండి. ఇంజిను తిరుగుతుండగా చెయ్యి పెట్టవద్దు. వల ఒకరి ఏడాది సంపాదన, కాబట్టి చుట్టుకున్నంత వరకే కోసి మిగతాది వీలైతే పడవలోకి లాగి ఒడ్డున అప్పగించండి. లాగేటప్పుడు అందులో చిక్కిన సముద్రపు పాములుంటాయి, వట్టి చేతులతో వద్దు.

బకింగ్‌హామ్ కాలువ గుండా పెదగంజాం దాకా ప్రశాంతంగా పోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పెదగంజాం దగ్గర అది కొమ్మమూరు కాలువను కలిసేది నిజమే, ఒకప్పుడు ఉప్పు, ధాన్యం పడవలు నడిచిన దారే. 1876, 78 మధ్య కరువు పనుల్లో పెద్ద ఎత్తున తవ్వించారు. ఇప్పుడు పూడిక, కూలిన లాకులు, తక్కువ ఎత్తు వంతెనలు, అడ్డంపడిన తుమ్మలు. తుఫాను తర్వాత దాన్ని నమ్ముకోవద్దు.

దిగడం

మోటుపల్లి ఎదుట ఒడ్డుకు రాగానే ఇంజిను తగ్గించి, విరుగుడు గీత బయటే పావుగంట నిలవండి. ఒడ్డు మీద మనుషులుంటే వాళ్లు చేతులతో చూపిస్తారు, ఇటు రండి, అటు వద్దు అని. అది విని తీరాలి. మెరక ఎక్కడుందో నిన్న నీళ్లలో దిగి చూసింది వాళ్లే. ఎవరూ లేకపోతే కెరటం తక్కువగా విరుగుతున్న చోటు వెతకండి.

పెద్ద గుంపు పోయాక ఒక చిన్న కెరటం వీపు మీద ఎక్కినట్టు, దాని వెనకే రావాలి. దాన్ని దాటి ముందుకు దూకితే ముక్కు నీళ్లలో గుచ్చుకుని పడవ బోల్తా కొడుతుంది. నేల తగలగానే తోక పైకెత్తాలి. పనివాళ్లు ఇద్దరు పక్కల నుంచి దూకి పట్టుకుంటారు. మీరు పడవ పూర్తిగా ఇసుకలో కూర్చున్నాక పక్క నుంచి దిగండి. పడవకీ ఒడ్డుకీ మధ్య మాత్రం ఎప్పుడూ నిలబడవద్దు. వెనక నుంచి వచ్చే ఒక్క కెరటం టన్ను బరువును మీ మీదకు నెడుతుంది.

ఊరు ఒడ్డుకు ఆనుకుని లేదు. ఇసుక దిబ్బలు, తోటలు దాటి నడవాలి. దిబ్బల నడుమ నీళ్లు నిలిచిన చోట్ల దిగకండి, పడిపోయిన కరెంటు తీగ ఏదైనా కనపడితే అది చచ్చిందని అనుకోకండి. ఉప్పెనకు బొరియలు మునిగి పాములన్నీ మెరక మీదకు, పడిన చెట్ల కిందకు చేరి ఉంటాయి. కర్ర తట్టుకుంటూ నడవండి. కాటు పడితే కొయ్యడం, గట్టిగా కట్టడం చేయకుండా, ఆ మనిషిని కదలనివ్వకుండా మోసుకుని ఆసుపత్రికి పంపే ఏర్పాటు చూడండి.

ఒడ్డున కొట్టుకొచ్చిన వస్తువులు కనిపిస్తాయి: తేలుడు బంతులు, తాళ్లు, డబ్బాలు, ఒక్కోసారి ఇంజిను. ఏదీ తీసుకోవద్దు. ఈ మాట మోటుపల్లిలో చెప్పడానికి వేరే కారణం కూడా ఉంది.

గుడిలో చూడాల్సింది

వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. 1244లో వేయించింది. అందులోని విషయం సరిగ్గా మీరు దాటి వచ్చిన తుఫాను గురించే. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరిన ఓడలు గాలివానకు చిక్కి పగిలి ఒడ్డున పడితే, అంతకుముందు రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లు. ప్రాణం కన్నా ధనమే గొప్పదనుకుని సముద్రం మీదకు వచ్చే వాళ్ల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నామని ఆయన ప్రకటించాడు. సుంకం సరుకులో ముప్పైయో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు, పోకలు అంటూ వస్తువుల పేర్లు కూడా వరుసగా ఉన్నాయి. ఆ శతాబ్దం చివర్లో వచ్చిన మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి అన్నాడు. తర్వాత 1358లో రెడ్డి రాజు అనపోతారెడ్డి కూడా వర్తకులకు హామీలిస్తూ ఇక్కడే శాసనం వేయించాడు.

శాసనం చదవాలంటే ఎదురుగా వెలుతురు వేయకండి, అక్షరాలు మాయమవుతాయి. టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్క నుంచి వేయండి. ప్రతి గాటులో నీడ నిలిచి అక్షరం లేచి వస్తుంది. ఎడమ నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి వేసి రెండు ఫోటోలు తీసుకుంటే, ఒకదాంట్లో పోయిన గీత రెండోదాంట్లో దొరుకుతుంది. సుద్ద, పిండి, పసుపు పూయవద్దు. వాన తర్వాత రాతి మీద నాచు ఉంటే గోకవద్దు, నీళ్లు పోసి కడగవద్దు. ఉప్పు తేమ పీల్చిన రాయి పొర మెత్తబడి ఉంటుంది, గోటికి కూడా రాలుతుంది. గుడి కప్పు రాళ్లు, గోడ కదిలినట్టు కనిపిస్తే లోపలికి వెళ్లకుండా బయటి నుంచే ఫోటో తీసి రెవెన్యూ వాళ్లకీ, పురావస్తు శాఖకూ చూపించండి. తుఫాను జరిగిన వారంలో తీసిన ఆ ఫోటో తర్వాత మరమ్మతు చేసేవాళ్లకు చాలా పనికొస్తుంది.

గాలి దిబ్బలను కోసినప్పుడు పాత పెంకులు బయటపడతాయి. ఇక్కడ చైనా పింగాణీ ముక్కలు దొరికాయి. కనిపిస్తే పక్కన చెప్పు గానీ, పెన్ను గానీ కొలతగా పెట్టి ఫోటో తీసుకోండి, చోటు రాసుకోండి, ముక్కను అక్కడే వదిలేయండి. తీసి జేబులో వేసుకుంటే అది ఒట్టి పెంకే, నేలలో ఉన్న చోట ఉంటేనే కాలం చెబుతుంది. నాణేలు, నగ ఏదైనా దొరికితే 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి.

ఊళ్లో సాయం సరుకు ఇచ్చేదుంటే పాలెం పెద్దలకు అప్పగించండి, ఒడ్డు మీద విసిరి పంచవద్దు. తాగే నీళ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, దోమల చుట్టలు, పసిపిల్లల పాలపొడి అక్కరకు వస్తాయి. పాత బట్టల మూటలు తేవద్దు, తడిసి కుళ్లిపోయేది అవే.

తిరుగు ప్రయాణం

పన్నెండు లోపు పడవ నీళ్లలో ఉండాలి. నవంబరు, డిసెంబరుల్లో ఐదున్నర దాటగానే చీకటి పడుతుంది, కొత్త మెరకలున్న ఒడ్డుకు చీకట్లో దిగడమంటే ప్రాణంతో ఆట. గాలి, నీళ్ల వడి ఇప్పుడు వెనక నుంచి కాబట్టి త్వరగానే వస్తారు, కానీ వెనక నుంచి వచ్చే కెరటం పడవ వెనుక భాగాన్ని పక్కకు నెడుతుంది. వేగం పెంచాలన్న తొందర వద్దు. బయలుదేరే ముందు విరుగుడు గీత చూసి సరంగు తల అడ్డంగా ఊపితే వాదించకుండా ఆ రాత్రి అక్కడే ఉండిపోండి. రెండో రోజు కూలి ముందే ఒప్పుకున్నది ఇందుకే.

కొత్తపట్నంలో దిగాక కాగితం ఇచ్చిన మనిషికీ, మెరైన్ పోలీసులకూ మొట్టమొదట చెప్పండి. లేకపోతే చీకట్లో మీ కోసం వేరే పడవలు వెతకడానికి దిగుతాయి. ఇంజినును మంచినీళ్లతో కడిగించి, మిగిలిన డీజిలు పడవ వాళ్లకే వదిలేయండి. తెచ్చిన వల ముక్క ఎవరిదో పాలెంలో చూపించి అప్పగించండి. గుండ్లకమ్మ మొగ దగ్గర ఎర్రనీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, మొద్దులు ఏ పక్క తేలుతున్నాయో, మోటుపల్లి ఎదుట గడకు ఎన్ని అడుగులు తగిలిందో సరంగు మాటల్లోనే రాసుకుని, రేపు తెల్లవారుజామున అటు దిగబోయే వాళ్లకు ఆ రాత్రే చెప్పండి.